డ్రైను నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో చెప్పకుండానే పని మొదలుపెట్టారు. ఏం చేయాలి?

వీధిచివరి_ఇల్లు
మాది గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు. మా వీధికి సీసీ డ్రైను, సీసీ రోడ్డు మంజూరయ్యాయి. పోయిన వారం జేసీబీ వచ్చి పాత డ్రైను తవ్వేసింది. మా ఇల్లు వీధిలో పల్లపు చివర ఉంది. పని చూడటానికి వచ్చిన అబ్బాయిని "ఈ డ్రైను చివరికి దేంట్లో కలుస్తుంది బాబూ?" అని అడిగితే "అది వేరే ఎస్టిమేట్‌లో వస్తుందమ్మా" అన్నాడు. ఆ వేరే ఎస్టిమేట్ ఎప్పుడు వస్తుందో అతనికీ తెలియదు.

రోడ్డు సంగతి ఇంకోటి. ఇప్పటికి రెండుసార్లు పాత సీసీ తీయకుండా దాని మీదే పోశారు. మా మామగారు ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి మెట్లెక్కి అరుగు మీదకు వచ్చేవాళ్లం. ఈసారి కూడా అలాగే పోస్తే రోడ్డు మీంచి ఇంట్లోకి దిగాల్సి వస్తుంది.

పని ఆపించాలని నాకు లేదు. మా వీధికి డ్రైను కావాలి, అది సరిగ్గా రావాలి. ఎవరిని, ఏ కాగితం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మార్కెట్_రోడ్డు
మేడం, మా రోడ్డు పరిస్థితి కూడా చెబుతాను. పైప్‌లైను కోసం షాపుల ముందు గుంత తవ్వారు. పైపు వేశారు, మట్టి పైపైన తోశారు, వెళ్లిపోయారు. వాన పడ్డాక గుంత పొడవునా కుంగిపోయింది. కొనడానికి వచ్చేవాళ్లు అవతలి వైపు నుంచే వెళ్లిపోతున్నారు. దసరా బేరం మొత్తం పోయింది. ఎవరిని అడిగినా "రోడ్డు రిస్టోరేషన్ టెండరు వేరు" అంటారు. తవ్వినవాడే పూడ్చాలని ఎందుకు రాసుకోరు?

రిటైర్డ్_ఏఈ
అమ్మా, నేను అసిస్టెంట్ ఇంజనీరుగా (ఏఈ) చేసి రిటైరయ్యాను. మీరు అడిగిందే అసలు ప్రశ్న. డ్రైను పని ఎప్పుడూ కింది చివర నుంచి మొదలుపెట్టాలి. నీళ్లు కలిసే చోట వానాకాలంలో మట్టం ఎంత ఉంటుందో ముందు చూసుకోవాలి. మన డ్రైను అడుగు దానికంటే ఎత్తులో ఉండేలా లెవెల్ పెట్టుకుని, అక్కడి నుంచి వీధిలోకి ఎక్కుతూ రావాలి. డెల్టాలో ఇది మరీ ముఖ్యం. మన దగ్గర పంట కాలువలు మిట్టన పారతాయి, మురుగు డ్రైన్లు పల్లంలో ఉంటాయి. ఊరి మురుగు పంట కాలువలో కలపకూడదు. కాబట్టి మిగిలింది పెద్ద మురుగు కాలువ, అంటే మేజర్ డ్రైనే. భీమవరం ఊళ్లోంచి పోయే యనమదుర్రు లాంటి డ్రైను వానలకు నిండుగా ఉంటే వీధి డ్రైన్ల నీళ్లు దాంట్లోకి దిగవు, వెనక్కి తంతాయి. అప్పుడు ముందు మునిగేది పల్లపు చివర ఇల్లే.

మీరు అడగాల్సిన కాగితాలు చెబుతాను. మొదటిది ఎస్టిమేట్. దాంతోపాటు ఎల్.ఎస్. షీటు ఉంటుంది, డ్రైను పొడవునా ఎక్కడ ఎంత లోతు, వాలు ఎటు అని గీసిన బొమ్మ. చాలా చోట్ల పనికి ఎస్టిమేట్ ఉంటుంది కానీ ఈ షీటు ఉండదు, లేదా పాత పనిది తెచ్చి పెడతారు. షీటులో చివరి బిందువు దగ్గర "ఎగ్జిస్టింగ్ డ్రైన్" అని రాసి ఉంటే, ఆ ఎగ్జిస్టింగ్ డ్రైను నిజంగా ఉందో లేదో నడిచి వెళ్లి చూడండి.

రోడ్డు గురించి: ఎస్టిమేట్‌లో పాత సీసీ పగలగొట్టి తీసే ఐటమ్ ఉందా చూడండి. డిస్మాంట్లింగ్ అని రాస్తారు. ఉండి కూడా తీయకపోతే కొలతల దగ్గర పట్టుకోవచ్చు. అసలు లేకపోతే కాంట్రాక్టరును తిట్టి లాభం లేదు, డబ్బు ఇవ్వని పని ఎవరూ చేయరు. ఎస్టిమేట్ రివైజ్ చేయమని ఇప్పుడే అడగాలి. పోత అయిపోయాక ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకోటి, మీరే చేసుకోదగ్గ పరీక్ష. ఏ తాపీ మేస్త్రీని అడిగినా లెవెల్ పైపు ఇస్తాడు. లోపల నీళ్లు కనపడే సన్నటి ప్లాస్టిక్ పైపు. నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసి, ఒక చివర డ్రైను మొదట్లో, ఇంకో చివర పైపు అందినంత దూరంలో పట్టుకోండి. రెండు చివర్లలోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. అక్కడి నుంచి డ్రైను అడుగు ఎంత కిందకు ఉందో రెండు చోట్లా టేపుతో కొలవండి. పల్లం వైపు కొలత ఎక్కువ రావాలి. సమానంగా వచ్చినా, తక్కువ వచ్చినా అక్కడ నీళ్లు నిలబడిపోతాయి. అడుగు బెడ్డు పోసిన రోజే ఇది చూసుకోవాలి, పక్క గోడలు లేచాక చూసి ఉపయోగం లేదు.

మాజీ_కౌన్సిలర్
ఏఈ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ కౌన్సిల్‌లో ఏం జరుగుతుందో కూడా తెలియాలి. నేను వార్డుకు పైప్‌లైను పని తెస్తే ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, భూమిలో ఉన్నది ఎవరికి కనపడుతుంది? సీసీ రోడ్డు వేయిస్తే దండ వేశారు. అందుకే ప్రతి కౌన్సిలరూ ముందు రోడ్డు అడుగుతాడు, పైపులు తర్వాత వస్తాయి, వేసిన రోడ్డు మళ్లీ తవ్వుతారు. ఈ వరస మార్చాలంటే జనం కూడా వరస మార్చి అడగాలి.

నిధుల సంగతి. మనలాంటి పట్టణాలకు 15వ ఆర్థిక సంఘం 2021-26 గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని ముడిపెట్టారు. మిగిలిన 40 శాతమే మనం అనుకున్న పనికి వాడుకోవచ్చు. ఆ 40 మీద అన్ని వార్డులూ పడతాయి. దాంతో తలా ఒక ముక్క పంచుతారు. వీధికి సగం డ్రైను, ఇంకో వీధికి సగం రోడ్డు. మేడం గారి డ్రైను చివర లేకుండా మొదలవడానికి కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది.

ఒక మాట నొచ్చుకోకుండా వినండి. డ్రైను మీద ర్యాంపులు, మెట్లు కట్టుకున్నది మన వీధుల వాళ్లమే. లైను తిన్నగా తీద్దామంటే "మా ఇంటి ముందు వద్దు, అవతలి వైపు వేయండి" అని రికమెండేషన్లు తెచ్చేదీ మనమే. డ్రైను వంకర తిరిగిన ప్రతి చోటా చెత్త పట్టి ఆగుతుంది.

వీధిచివరి_ఇల్లు
కౌన్సిలర్ గారూ, నొచ్చుకోవడం ఏమీ లేదు. మా వీధిలో ర్యాంపులు ఉన్నమాట నిజమే. కొలతలు వేసి "ఇక్కడి దాకా మున్సిపాలిటీ జాగా" అని గీత గీసి చెబితే తీసేస్తామని చాలామంది అంటున్నారు. ఆ గీత గీసేవాళ్లు రావాలి కదండీ. ముందు చెప్పకుండా జేసీబీతో వచ్చి కొందరివి తీసి కొందరివి వదిలేస్తే గొడవ అవుతుంది.

చిన్న_కాంట్రాక్టర్
నేను ఇలాంటి పనులే చేస్తాను. మా వైపు మాట కూడా ఒకటి ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

టెండరు ఆన్‌లైన్‌లో పడుతుంది. 2003 నుంచి మన రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఉంది. అదే ఏడాది జులైలో వచ్చిన జీవో 94 ప్రకారం అంచనా మీద 5 శాతం మించి ఎక్కువకు వేస్తే టెండరు చెల్లదు. 25 శాతం కంటే ఎంత కిందకు వేస్తే అంత తేడా మొత్తం అదనపు డిపాజిట్‌గా కట్టాలి. పోటీ ఉన్నచోట మా వాళ్లు 20 శాతం లెస్, 24 శాతం లెస్ అని దిగిపోతారు. ఎస్టిమేట్ సరిగ్గా వేసి ఉంటే అంత లెస్‌కు ఏ పనీ కుదరదు. కుదురుతోందంటే ఎస్టిమేట్ అయినా ఉబ్బి ఉండాలి, పని అయినా తగ్గాలి. టెండరు తెరిచిన రోజే ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉంటే సగం దరిద్రం పోతుంది.

తర్వాత బిల్లు. పని అయిపోయి, ఎం బుక్ (కొలతల పుస్తకం) రికార్డు అయ్యి, డీఈ (ఏఈ పై ఇంజనీరు) గారు కొలతలు సరిచూసి, బిల్లు అప్‌లోడ్ అయ్యాక కూడా డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. సిమెంటు కొట్టువాడికి, కంకర లారీ వాడికి నేను వడ్డీ కడుతుంటాను. అందుకే కొన్ని ఊళ్లలో టెండరు పిలిచినా ఎవరూ రావడం లేదు. బిల్లు టైముకి రాని చోట మంచి పనివాళ్లు తప్పుకుంటారు, వాళ్ల స్థానంలో ఎవరొస్తారో మీరే ఊహించుకోండి. నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు చెల్లింపుల గురించి కూడా మాట్లాడాలి.

మార్కెట్ రోడ్డు అన్నకు: మా అగ్రిమెంట్‌లో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఉంటుంది, మామూలుగా రెండేళ్లు. ఆ లోపు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాలి. అప్పటిదాకా బిల్లులో కొంత సొమ్ము ఆఫీసు దగ్గరే ఆగి ఉంటుంది. మీ గుంత కుంగిందని ఫొటో, తేదీతో రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో చెబితే రికార్డు ఉండదు, గడువు అయిపోగానే ఆ సొమ్ము విడుదల అయిపోతుంది.

మార్కెట్_రోడ్డు
ఈ రెండేళ్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదన్నా. థాంక్స్. రేపే రాసి ఇస్తాను, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుంటాను.

సమాచార_హక్కు
మేడం, సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. మున్సిపల్ ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే మొదటి అప్పీలు. అడగాల్సినవి: ఎస్టిమేట్, ఎల్.ఎస్. షీటు, అగ్రిమెంట్ కాపీ, ఎం బుక్‌లో ఈ పనికి సంబంధించిన పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు. "ఎందుకు ఇలా చేశారు?" అని ప్రశ్నలా అడగకండి, కాగితం పేరు పెట్టి అడగండి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ చట్టం సెక్షన్ 2(జె)లో సమాచార హక్కు అంటే కాగితాలు చూడటం ఒక్కటే కాదు. జరిగే పనిని స్వయంగా తనిఖీ చేయడం, వాడే సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడం కూడా అందులోనే ఉన్నాయి. అంటే మీ వీధిలో పోసే కాంక్రీటు నమూనా అధికారి సమక్షంలో తీసుకుని ల్యాబుకు పంపమని పౌరులుగా అడగవచ్చు.

చిన్న_కాంట్రాక్టర్
చట్టాన్ని తప్పు పట్టను. కానీ దరఖాస్తు పెట్టి, కాగితాలు చేతికి వచ్చాక మా దగ్గరకు వచ్చి "ఎంతిస్తావు?" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మంచి పని చేసినవాడు కూడా గొడవెందుకని ఇచ్చేస్తాడు. ఆ డబ్బు మళ్లీ పనిలోంచే తీయాలి. దీనికేమంటారు?

సమాచార_హక్కు
ఉన్నారన్నా, కాదనను. వాళ్ల వల్ల నిజంగా అడిగేవాళ్లకు కూడా చెడ్డపేరు వస్తోంది. కానీ వాళ్లు ఏం అమ్ముకుంటున్నారో చూడండి. ఎవరికీ దొరకని కాగితం ఒకడికి దొరికింది కాబట్టి దాన్ని అమ్ముకుంటున్నాడు. అదే ఎస్టిమేట్, అదే ఎం బుక్ పేజీ వార్డు సచివాలయం గోడ మీద అంటించి ఉంటే వాడి దగ్గర అమ్మడానికి ఏముంటుంది? అదే చట్టం సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకుండానే ఆఫీసులు తమంతట తామే బయటపెట్టాల్సిన సమాచారం చాలా ఉంది. బ్లాక్‌మెయిల్ ఆగాలంటే దాపరికం పోవాలి. ఇందులో మీరూ, మేమూ ఒకే వైపు ఉన్నాం.

సోషల్_ఆడిట్_చేశా
నేను కొన్నేళ్లు ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో పనిచేశాను, అందుకని ఈ మాట చెప్పాలి.

1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో జన సున్వాయి, అంటే జనం ముందు బహిరంగ విచారణ జరిగింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పనుల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు ఊరి మధ్య బహిరంగంగా చదివారు. తమ పేరు మీద ఏం రాశారో జనం స్వయంగా విన్నారు. అక్కడి నుంచి పెరిగిన ఉద్యమమే సమాచార హక్కుకు బాట వేసింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం సెక్షన్ 17లో గ్రామసభ సోషల్ ఆడిట్, అంటే పనుల లెక్కలు జనమే సరిచూడటం, చేయాలని రాశారు. దాన్ని రాష్ట్రమంతటా పద్ధతిగా చేసిన మొదటి చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2006లో మొదలై, 2009లో దీనికోసం ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, పని జరిగిన చోట టేపు పట్టి కొలిచి, మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదివేవాళ్లం. మస్టరులో ఉన్న మనిషి లేచి "నేను ఆ పనికి పోలేదు" అంటే అక్కడికక్కడే రాసుకునేవాళ్లం.

పల్లెలో చెరువు పూడిక పనికి ఉన్న ఈ ఏర్పాటు పట్టణంలో కోట్ల రూపాయల డ్రైనుకు లేదు. నాకు ఎప్పటికీ అర్థం కానిది ఇదే. కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. బిల్లు పాస్ అయ్యేముందు ఎం బుక్‌లో రాసిన కొలతలు వీధిలో నిలబడి చదవాలి. పొడవు ఇంత, వెడల్పు ఇంత, మందం ఇంత అని. వీధివాళ్లు టేపుతో సరిచూసుకోవాలి. అంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు. కమిషనర్ ఒప్పుకుంటే ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని.

రిటైర్డ్_ఏఈ
నేను దీనికి ఒప్పుకుంటాను. నా తోటి ఇంజనీర్లలో కొందరికి ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ నిజాయితీగా పనిచేసే ఏఈకి ఇది రక్షణ. కొలత రాసేటప్పుడు పైనుంచి ఫోన్లు వస్తాయి. "వీధిలో చదవాలండీ, ఎక్కువ రాయడం కుదరదు" అని చెప్పగలగడం అతనికి పెద్ద ఆసరా. ఒక్కటే జాగ్రత్త. భూమి లోపలికి పోయే పనులు, అంటే పునాది తవ్వకం, కింద పరిచిన గ్రావెల్, పైపు కింద ఇసుక, ఇవి పూడ్చాక కొలవలేం. పూడ్చేముందే జనాన్ని పిలిచి చూపించాలి, స్కేలు పెట్టి ఫొటో తీయాలి. చివర్లో ఒక్కసారి చదివితే సరిపోదు.

మేస్త్రీ_కొడుకు
అందరూ కాగితాల గురించి చెబుతున్నారు, నేను పని దగ్గర సంగతి చెబుతాను. మా నాన్న తాపీ మేస్త్రీ, చిన్నప్పటి నుంచి ఆయన వెంట సైట్లకు తిరిగాను.

కాంక్రీటు గట్టిగా ఉంటే పని లాగడం కష్టం. మధ్యాహ్నానికి కూలీలు అలిసిపోతారు. అప్పుడు మిల్లరులో బక్కెట్ నీళ్లు ఎక్కువ పోస్తారు. పలచగా జారుతుంది, చేతికి సుఖం. ఎండాక పైన పొడి లేస్తుంది, ఏడాదిలో కంకర తేలుతుంది. సిమెంటు తగ్గించారని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు సిమెంటు సరిపడా వేసి నీళ్లతో పాడుచేస్తారు. దగ్గర నిలబడి చూస్తే తెలిసిపోతుంది. గమేళా నుంచి పడగానే కుప్పగా నిలబడాలి, సాంబారులా పరుచుకుపోకూడదు.

రెండోది క్యూరింగ్. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటుకైనా, ఎండ బాగా ఉన్నచోటైనా 10 రోజులు తడి ఆరకూడదు. మన దగ్గర వాడేది ఎక్కువగా పీపీసీయే. రెండో రోజు సాయంత్రానికి ట్యాంకరు రావడం మానేస్తుంది. రోడ్డుకైతే మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి, డ్రైను గోడలకైతే గోనె సంచులు వేలాడదీసి తడపాలి. ఇది వీధివాళ్లు తలా ఒక పూట చూసుకోవచ్చు. మా వీధిలో ఆడవాళ్లు సాయంత్రం వాకిలి కడిగే నీళ్లతోపాటు దీన్నీ తడిపారు, ఆ రోడ్డు ఇప్పటికీ బాగుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. డెల్టా నేల తడిస్తే నిలవదు. మనిషి లోతు గుంతలో పైపు జాయింటు చేసేవాడి మీద గట్టు విరిగి పడితే పైకి లాగడానికి టైము ఉండదు. మా నాన్న అలా నడుం దాకా కూరుకుపోయి బతికి బయటపడ్డారు. పక్కలకు చెక్కలు, దూలాలు పెట్టి ఆపాలి, లేదా గుంతను వాలుగా తవ్వాలి. తవ్విన మట్టి గట్టు అంచునే పోయకూడదు. ఇది కూడా అడగండి. మన డ్రైను కోసం ఒకడి ప్రాణం పోకూడదు.

వీధిచివరి_ఇల్లు
తమ్ముడూ, ఇది చదివాక మా వీధిలో తవ్విన చోటికి వెళ్లి చూశాను. మట్టి అంచునే పోసి ఉంది. మేస్త్రీకి చెబితే వెనక్కి జరిపించాడు. నాన్నగారు ఇప్పుడు బాగున్నారా?

మేస్త్రీ_కొడుకు
బాగున్నారక్కా. నడుం నొప్పి మాత్రం ఉండిపోయింది.

కరీంనగర్_నుంచి
పనులు ముక్కలు చేస్తే ఏమైతదో మా దిక్కు ఒక ఉదాహరణ ఉంది. పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద వంతెన 2016లో మొదలైంది. ఏళ్ల తరబడి సగంలో ఆగింది. 2024 ఏప్రిల్‌లో రాత్రి పూట ఈదురుగాలికి గర్డర్లు కింద పడ్డయి. అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు. మేడం గారి డ్రైను చిన్నదే, కానీ చివర లేకుండ మొదలుపెట్టిన పని కూడా అట్లనే సగంల ఆగిపోతది.

ఇంకో సంగతి. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019 కింద ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉన్నయి: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కో దాంట్ల 15 మంది. అంటే వార్డుకు 60 మంది. 2020ల సర్కారు పట్టణ ప్రగతి కార్యక్రమం టైముల హడావుడిగ వేసిన్రు. మా వార్డుల ఆ కమిటీకి ఒక్క ఎస్టిమేట్ కూడా చూపించలేదు. 60 మంది ఉన్నా చేతిల కాగితం లేకుంటే ఏం లాభం? ముందు కాగితం, తర్వాత కమిటీ.

డాలస్_తెలుగు
ఇక్కడి పద్ధతిలో ఒక్కటి మనకు పనికొస్తుందనిపించి చెబుతున్నాను. టెక్సాస్‌లో ఒక హద్దు దాటిన ప్రభుత్వ పనికి కాంట్రాక్టరు రెండు బాండ్లు ఇవ్వాలి. పర్ఫార్మెన్స్ బాండ్ పని పూర్తి కావడానికి. పేమెంట్ బాండ్ మాత్రం సబ్ కాంట్రాక్టర్లకు, సామాను ఇచ్చినవాళ్లకు, కూలీలకు డబ్బు అందడానికి. మెయిన్ కాంట్రాక్టరు ఎగ్గొడితే వాళ్లు ఆ బాండ్ మీద వసూలు చేసుకోవచ్చు.

చిన్న_కాంట్రాక్టర్
ఇది బాగుంది బాబూ. కానీ మా దగ్గర డబ్బు ఆగేది ఎక్కువగా ప్రభుత్వం దగ్గరే. దానికి ఎవరు బాండ్ ఇస్తారు? నా మటుకు ఒకటే కోరిక. ఖాతాలో నిధులు ఉన్నాయని చూపించాకే టెండరు పిలవాలి. డబ్బు లేకుండా శంకుస్థాపన చేయకూడదు.

మాజీ_కౌన్సిలర్
దీనికి నేను చేయి ఎత్తుతాను. శిలాఫలకాలు ఎక్కువ, నిధులు తక్కువ. అయిదు పనులు మొదలుపెట్టి అన్నీ ఆపే బదులు రెండు పనులు పూర్తిగా చేద్దామని కౌన్సిల్‌లో అంటే మిగతా వార్డులవాళ్లు ఒప్పుకోరు. మూడేళ్ల ప్రణాళిక వేసి, ఏ వార్డు ఏ ఏడాదో ముందే ప్రకటిస్తే ఒప్పుకుంటారు. "ఈసారి కాదు, వచ్చే ఏడు నీదే" అని రాతలో ఉంటే ఎవరైనా ఆగుతారు.

వీధిచివరి_ఇల్లు
అప్‌డేట్. మా వీధివాళ్లం కొందరం కలిసి ఆఫీసుకు వెళ్లాం. ముందు వార్డు సచివాలయంలో ఎమెనిటీస్ సెక్రటరీని (రోడ్లు, డ్రైన్లు, నీళ్ల పనులు చూసే ఉద్యోగి) కలిశాం. ఆ అమ్మాయి సివిల్ ఇంజనీరే, చక్కగా మాట్లాడింది, తనే డీఈ గారి దగ్గరకు తీసుకెళ్లింది. ఎస్టిమేట్ చూపించారు. ఏఈ గారు చెప్పినట్టే జరిగింది: చివర "ఎగ్జిస్టింగ్ డ్రైన్" అని ఉంది, అక్కడ ఉన్నది పూడిపోయిన పాత తూము. మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లది. దాని కింద కల్వర్టు పెద్దది చేయాలంటే వాళ్ల అనుమతి కావాలి. ఉత్తరం రాశారట, జవాబు రాలేదట. పాత సీసీ తీసే ఐటమ్ ఎస్టిమేట్‌లో లేదు. పైగా అదే రోడ్డు కింద కొత్త తాగునీటి పైపు రావాల్సి ఉందని అక్కడే తెలిసింది!

డీఈ గారు కోప్పడలేదు. "పని వెనక్కి పంపితే నిధులు ల్యాప్స్ అవుతాయేమోనని టెన్షన్" అన్నారు. ఆయన ఇబ్బంది అర్థమైంది. ఇప్పుడు ఏం అడగాలి?

రిటైర్డ్_ఏఈ
పని రద్దు చేయమనకండి, వరస మార్చమనండి. నిధులు ల్యాప్స్ కాకూడదంటే పని ఎక్కడో ఒకచోట నడుస్తూ ఉండాలి, అంతే. అగ్రిమెంట్ ఉన్న కాంట్రాక్టరు చేతే ముందు పల్లపు చివర డ్రైను, తూము పూడిక తీత చేయించవచ్చు. ఆర్ అండ్ బీ అనుమతి కోసం కమిషనర్ గారు ఉత్తరం మీద ఆగకుండా ఉమ్మడి తనిఖీ పెట్టించాలి. రెండు శాఖల ఇంజనీర్లు కల్వర్టు దగ్గర ఒకేసారి నిలబడితే నెలల పని ఒక పూటలో తేలుతుంది. తర్వాత తాగునీటి పైపు, ఇంటింటి కనెక్షన్లు. అన్నిటికంటే చివర రోడ్డు. పైపు రాకుండా రోడ్డు పోయకూడదని మీ వీధి అందరి సంతకాలతో ఇవ్వండి. "రోడ్డు తర్వాతైనా పర్వాలేదు" అని జనమే రాసిస్తే డీఈ గారికి కొండంత బలం.

తవ్వేముందు కింద ఉన్న కేబుళ్ల సంగతి చూడమనండి. కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు అందులో పెడితే కేబుల్, పైపు ఉన్న సంస్థలకు సమాచారం వెళ్తుంది.

మార్కెట్_రోడ్డు
మేడం, సంతకాల కాగితంలో ఇంకో ముక్క కలపండి. పని జరిగినన్నాళ్లు ఇళ్లకు, షాపులకు దారి ఉండాలి, పలకలు వేయాలి, రాత్రి గుంత దగ్గర లైటు ఉండాలి. మా దగ్గర ఒక పెద్దాయన స్కూటరుతో సహా పడ్డాడు.

సమాచార_హక్కు
పని బోర్డు కూడా అడగండి. పని పేరు, అంచనా, అగ్రిమెంట్ విలువ, మొదలు, గడువు, లయబిలిటీ ఎప్పటిదాకా, ఇంజనీరు నంబరు. తెలుగులో, అందరికీ కనపడేంత అక్షరాలతో. పని అయ్యాక పెట్టే బోర్డు వద్దు, తవ్వకం రోజే ఉండాలి.

వీధిచివరి_ఇల్లు
అన్నీ కలిపి రాశాను. దాదాపు అందరూ సంతకం పెట్టారు. ఇద్దరు ముగ్గురు రోడ్డు ముందే కావాలన్నారు, పైపు సంగతి చెబితే తర్వాత ఒప్పుకున్నారు. బిల్లుకు ముందు కొలతలు వీధిలో చదవాలన్నది చివరి అంశంగా పెట్టాను. డీఈ గారు దానికి మాత్రం "కమిషనర్ గారిని అడగాలి" అన్నారు. మిగతావాటికి సరే అన్నారు. మంగళవారం ఆర్ అండ్ బీ వాళ్లతో కల్వర్టు దగ్గరకు వస్తామన్నారు. పాత సీసీ తీసే ఐటమ్‌తో రివైజ్‌డ్ ఎస్టిమేట్ పెడతామని ఫైలులో రాశారు, నోట్ కాపీ తీసుకున్నాను.

సోషల్_ఆడిట్_చేశా
కమిషనర్ గారి దగ్గరకు వెళ్లేటప్పుడు చెప్పండి, నేనూ వస్తాను. ప్రజావేదిక ఎలా నడుపుతామో, గొడవ కాకుండా ఎలా చదవాలో చూపిస్తాను. ఒక వీధితో మొదలుపెడితే చాలు.

చిన్న_కాంట్రాక్టర్
మీ పని నాది కాదు కానీ, పోత రోజు ముందుగా చెప్పండమ్మా, వస్తాను. బెడ్డు పోసేటప్పుడు వాలు చూసుకోవడం మీ మేస్త్రీకి కూడా సాయమే. గట్టిదనం పరీక్షకు క్యూబులు (కాంక్రీటు దిమ్మలు) పోయించడం మర్చిపోకండి. 150 మిల్లీమీటర్ల అచ్చులు, సైటులో పోసే మిక్స్‌తోనే నింపాలి, పక్కన వేరే కలిపి కాదు. మీ ముందే తేదీ గీయించండి. 28 రోజులకు ల్యాబులో నలగ్గొడతారు.

రిటైర్డ్_ఏఈ
మంగళవారం కల్వర్టు దగ్గర లెవెల్ తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. తూము అడుగు లెవెల్, మేజర్ డ్రైనులో వానాకాలపు నీటి గుర్తు, మీ ఇంటి గడప లెవెల్, ఈ మూడూ ఒకే కాగితం మీద రాయించండి. ఆ మూడు అంకెలూ ఇక్కడ పెడితే డ్రైను లోతు ఎంత ఉండాలో లెక్క కట్టి చెబుతాను.